రెండో పెన్ను

మా నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు ఉండేవి. ఒకటి నల్లటి ఇంకు పెన్ను. దాన్ని ఇంట్లో ఎవరమూ ముట్టుకోకూడదు. పాళీ తన చేతివాటానికి అలవాటు పడిందని, ఇంకొకరు రాస్తే పాడైపోతుందని అనేవారు. రెండోది మామూలు బాల్‌పెన్ను. క్లిప్పు విరిగిపోతే నీలం దారం నాలుగు చుట్లు చుట్టి ముడేశారు. రీఫిల్ అయిపోగానే కొత్తది వేసేవారు గానీ, దాంతో ఆయన ఒక్క అక్షరం రాయడం నేను చూడలేదు.

"నాన్నా, నువ్వు రాయనప్పుడు అదెందుకు?" అని ఒకసారి అడిగాను.

"ఒకటి నాది. ఇంకోటి అడిగినవాళ్ళది," అన్నారు.

అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. ఆ మాట అర్థం కావడానికి ఒక శనివారం ఆయనతో పోస్టాఫీసుకి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ బల్లకి దారంతో కట్టేసిన పెన్ను ఒకటి ఉండేది. అది రాయగా చూసినవాళ్ళు లేరు. ఫారం పట్టుకుని వచ్చినవాళ్ళు దాన్ని రెండుసార్లు గీకి, విదిలించి, చుట్టూ చూసేవారు. వాళ్ళ చూపు నాన్న జేబు దగ్గర ఆగేది. నోరు తెరిచి అడిగేదాకా ఆయన ఆగేవారు కాదు. పెన్ను తీసి చేతిలో పెట్టి, "రాసుకోండి, తొందరేం లేదు" అనేవారు. అనేసి కిటికీ వైపు తిరిగి నిలబడేవారు. ఇచ్చిన వస్తువు ఎప్పుడు తిరిగొస్తుందా అని పక్కనే నిలబడి చూస్తుంటే తీసుకున్న మనిషికి అక్షరాలు కుదరవు. ఆ కిటికీ వైపు తిరగడం కూడా ఇవ్వడంలో భాగమేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆ రోజు ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడకి కావలసింది పెన్ను కాదు. చేతిలో ఒక ఉత్తరం ఉంది. ఎంతసేపటి నుంచి పట్టుకుని తిరుగుతోందో, అంచులు చెమటకి మెత్తబడిపోయాయి.

"బాబూ, కాస్త చదివిపెడతావా?" అంది.

"ఇలా కూర్చోండమ్మా," అని నాన్న బెంచీ మీద ఆవిడ పక్కనే కూర్చుని చదివారు. కొడుకు రాసిన ఉత్తరం. పని దొరికిందనీ, ఉండడానికి గది దొరికిందనీ, మొదట్లో రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదనీ, ఇప్పుడు పడుతోందనీ రాశాడు. అంతే. చదవడం అయిపోయాక ఆవిడ ఏమీ అనలేదు. కాసేపాగి, "ఇంకొక్కసారి చదువుతావా?" అంది. నాన్న మళ్ళీ మొదటి నుంచీ చదివారు. మూడోసారి ఆవిడ అడగలేదు. ఉత్తరం మడవబోతున్న నాన్న ఆవిడ మొహం చూసి ఆగిపోయారు. మళ్ళీ విప్పి, ఈసారి ఇంకా నెమ్మదిగా చదివారు. "ఇప్పుడు నిద్ర పడుతోందమ్మా" అన్న చోట నాన్నతో పాటు ఆవిడ పెదవులూ కదిలాయి. అప్పటికే ఆ వాక్యం ఆవిడకి నోటికి వచ్చేసింది.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న కూనిరాగం తీస్తూ నడిచారు. ఆయన పాడే మనిషి కాదు. ఇంట్లో ఎప్పుడూ వినలేదు. నాకు వింతగా అనిపించి, "ఉత్తరం ఆవిడది కదా, నువ్వెందుకు పాడుతున్నావు?" అని అడిగాను.

నాన్న నిజంగానే నడక ఆపి ఆలోచించారు. పిల్లలు అడిగిన ప్రశ్నని తేలిగ్గా తీసిపారేసే అలవాటు ఆయనకి లేదు.

"ఏమోనమ్మా. బాగుంది, అంతే."

ఆ 'ఏమో' నన్ను ఇన్నేళ్ళయినా వదల్లేదు. ఉద్యోగం, పెళ్ళి, పిల్లల హడావిడిలో కూడా, మనుషులు ఒకరికొకరు ఎందుకు సాయం చేసుకుంటారన్న విషయం మీద ఏ వ్యాసం కనబడినా పక్కన పెట్టుకుని చదివేదాన్ని. 2008లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, వాళ్ళతో పాటు హార్వర్డ్‌కి చెందిన మైకేల్ నార్టన్ ఒక ప్రయోగం గురించి రాశారు. పొద్దున్నే 46 మందికి తలా ఒక కవరు ఇచ్చారు. కొందరి కవర్లో 5 డాలర్లు, కొందరి దాంట్లో 20 డాలర్లు. సాయంత్రం ఐదింటిలోగా ఖర్చుపెట్టాలి. సగం మంది తమ కోసం, సగం మంది వేరేవాళ్ళ కోసం. సాయంత్రం అడిగితే, వేరేవాళ్ళ కోసం ఖర్చుపెట్టినవాళ్ళే ఎక్కువ సంతోషంగా ఉన్నారట. ఐదా ఇరవయ్యా అన్నది లెక్కలోకే రాలేదు. అందులో నాకు ఇంకా బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఏది ఎక్కువ సంతోషం ఇస్తుందని ముందుగా వేరే విద్యార్థుల్ని అడిగితే, ఎక్కువ మంది 'ఎక్కువ డబ్బు, అదీ నా కోసం' అనే చెప్పారు. అంటే మనకి ఏది సంతోషాన్ని ఇస్తుందో మనకే సరిగ్గా తెలీదన్నమాట. నాన్నా అదే అన్నారు కదా, ఏమో అని. ఈ వ్యాసం ఆయనకి చదివి వినిపించాలనిపించింది. అప్పటికి ఆయన లేరు.

ఇవ్వడంలో కలిగే ఆ లోపలి వెచ్చదనం గురించి జేమ్స్ ఆండ్రియోనీ అనే ఆర్థికశాస్త్రవేత్త 1990 నాటికే రాశారు. సంతోషం దొరుకుతోంది కాబట్టి ఇవ్వడం కూడా ఒక రకం స్వార్థమే అని వాదించేవాళ్ళు నాకు తగిలారు. ఆ వాదన వింటే నాకు కష్టంగా ఉంటుంది. నాన్న కూనిరాగం కోసం ఉత్తరం చదవలేదు. చదివాక రాగం వచ్చింది. ఏది ముందు, ఏది వెనక అన్నది చూడకుండా మనిషి మంచితనాన్ని అంత సులువుగా కొట్టిపారేస్తే ఎలా?

మా అమ్మాయికి ఏడాదిన్నర వయసున్నప్పటి సంగతి. నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. పిల్ల నా కాళ్ళ దగ్గర కూర్చుని ఆడుకుంటోంది. ఒక క్లిప్పు జారి కింద పడింది. చేతిలో తడి దుప్పటి ఉండటంతో వంగలేకపోయాను. పిల్ల ఆడుతున్న బొమ్మ వదిలేసి, తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి, క్లిప్పు తీసుకుని చెయ్యి పైకెత్తి నిలబడింది. అందుకున్నాను. అప్పుడు దాని మొహం చూడాలి! ఎవరూ మెచ్చుకోకముందే వెలిగిపోతోంది. నేను ఇంకో క్లిప్పు కావాలనే పడేశాను. మళ్ళీ తెచ్చింది. ఆ రోజు బట్టలు ఆరేయడానికి గంట పట్టింది.

సరిగ్గా ఇలాంటిదే ఒక ప్రయోగం ఉందని తర్వాత తెలిసి ఆశ్చర్యపోయాను. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించారు. పద్దెనిమిది నెలల పిల్లల ముందు ఒక పెద్దాయన బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడుస్తాడు, అందనట్టు చెయ్యి చాస్తాడు. ఇలాంటి సందర్భాలు కొన్ని పెట్టి చూస్తే, 24 మంది పిల్లల్లో 22 మంది ఒక్కసారైనా సాయం చేశారు. ఎవరూ అడగలేదు, బహుమతి లేదు. 2008లో వాళ్ళే ఇంకో సంగతి గమనించారు. సాయం చేసినందుకు పిల్లలకి బొమ్మలాంటి బహుమతి ఇస్తే, ఆ తర్వాత వాళ్ళు సాయం చేయడం తగ్గిందట. ఆ వ్యాసం చదివాక ఇంట్లో పిల్లలకి 'ఈ పని చేస్తే అది కొనిస్తా' అనడం మానేశాను.

మరి అంత చిన్నప్పుడే ఉన్న గుణం పెద్దయ్యేసరికి ఎక్కడికి పోతుంది? నాకు తోచినంతలో, పోదు. 'ఇంత చిన్నదాన్ని సాయమంటారా, ఏమనుకుంటారో' అన్న మొహమాటం కింద పడి ఉంటుంది. అది ఎంత తప్పుడు మొహమాటమో నా డిగ్రీ పరీక్ష రోజున తెలిసింది.

చివరి సంవత్సరం, అన్నిటికన్నా కష్టమైన పేపరు. ఒక్కటే పెన్ను తీసుకెళ్ళాను. నాన్న కూతుర్నై ఉండి! సగం పరీక్ష కాకముందే ఇంకు కక్కేసింది. వేళ్ళన్నీ నీలం, సమాధాన పత్రం మీద పెద్ద మరక. టెన్షన్‌తో చెవుల్లో హోరు. చెయ్యెత్తి అడిగితే, పర్యవేక్షణకి వచ్చినాయన "ఇంటి దగ్గరే చూసుకోవద్దా?" అని గట్టిగా కసిరారు. హాలంతా నన్నే చూసింది. అప్పుడు పక్క వరసలోంచి ఒక చెయ్యి వచ్చి నా బల్ల అంచున ఒక పెన్ను పెట్టింది. ఆకుపచ్చ పెన్ను, వెనక మూత కొరికి కొరికి చదునైపోయి ఉంది. ఆ అబ్బాయి తల కూడా ఎత్తలేదు. రాస్తున్నది రాస్తూనే ఉన్నాడు. పరీక్ష అయ్యాక బయటికి పరిగెత్తుకొచ్చి వెతికాను. వెళ్ళిపోయాడు. వేరే కాలేజీ అయ్యుంటుంది, మళ్ళీ కనబడలేదు.

ఆ పెన్ను ఇప్పటికీ నా డ్రాయర్లో ఉంది. ఇంకు ఎండిపోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ అబ్బాయి సాయంత్రానికల్లా దాని సంగతి మర్చిపోయి ఉంటాడు. నాకు ఆ రోజు పెన్ను ఒక్కటే దొరకలేదు. అంత మంది నన్నే చూస్తున్న హాల్లో నా పక్షాన ఒకరున్నారన్న ధైర్యం దొరికింది.

అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఇదే తేడాని కొలిచి చూపించారు. వాళ్ళ పరిశోధన 2022లో వెలువడింది. చికాగోలో ఒక పార్కులోని ఐస్ స్కేటింగ్ మైదానం దగ్గర, చలిలో ఉన్నవాళ్ళకి వేడి వేడి హాట్ చాక్లెట్ కప్పు ఇచ్చారు. కావాలంటే ఉంచుకోవచ్చు, లేదా అక్కడున్న ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి ఇచ్చేయొచ్చు అన్నారు. ఆ మనిషి ఎంత సంతోషిస్తారనుకుంటున్నారో ఇచ్చినవాళ్ళని అడిగారు, నిజంగా ఎంత సంతోషించారో పుచ్చుకున్నవాళ్ళని అడిగారు. సగటున చూస్తే ఇచ్చినవాళ్ళ అంచనా తక్కువే. ఇచ్చేవాళ్ళు కప్పునే చూస్తారు, 'ఇదెంత' అనుకుంటారు. పుచ్చుకున్నవాళ్ళకి కప్పుతో పాటు, ఎవరో తమని పట్టించుకున్నారన్న సంగతి అందుతుంది.

నా వల్ల కాని రోజు కూడా ఒకటి ఉంది. దాన్నీ రాయకపోతే పైన రాసిందంతా నిజం అనిపించుకోదు. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళాలి. రైల్వే స్టేషన్‌లో మెట్లు ఎక్కుతున్నాను. మెట్ల మొదట్లో ఒకావిడ, చంకలో పిల్లాడు, పక్కన పెద్ద పెట్టె. నావైపు ఒక్కసారి చూసింది. అడగలేదు. నేను వాచీ చూసుకుని రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళిపోయాను. పైకి వెళ్ళాక తెలిసింది, రైలు ముప్పావుగంట ఆలస్యమట. కిందికి వెళ్ళడానికి కావలసినంత టైముంది. సిగ్గుతో కాళ్ళు కదల్లేదు. చాలాసేపటికి ఆవిడ పైకి వచ్చింది. ఒక మెట్టు మీద పిల్లాణ్ణి నిలబెట్టి, పెట్టె లాగి, మళ్ళీ పిల్లాణ్ణి ఎత్తుకుని, అలా అన్ని మెట్లూ. ఆ రోజు ఉద్యోగం వచ్చింది. అయినా ఆ రోజు తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది ఆ పెట్టె మెట్లకి తగిలిన చప్పుడే.

జాన్ డార్లీ, డానియల్ బాట్సన్ 1973లో ప్రచురించిన ప్రయోగం చదివినప్పుడు ఆ చప్పుడు మళ్ళీ వినబడింది. ప్రిన్స్‌టన్‌లో మతబోధన చదువుకునే విద్యార్థుల్ని ఒక ప్రసంగం చేయాలంటూ పక్క భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి కూలబడి దగ్గుతుంటాడు. తొందర లేనివాళ్ళలో 63 శాతం ఆగారు. బాగా ఆలస్యమైందని చెప్పి తరిమినవాళ్ళలో ఆగింది 10 శాతమే. వాళ్ళలో కొందరు చేయబోయే ప్రసంగమే దారిన పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి మనిషి కథ మీద! నాన్న "తొందరేం లేదు" అన్న మాటలో ఎంత ఉందో అప్పుడు అర్థమైంది. అప్పట్నుంచి ఎక్కడికైనా పది నిమిషాలు ముందు బయల్దేరతాను. ఇంట్లోవాళ్ళు ఇదేదో నా చాదస్తం అనుకుంటారు.

అమ్మకి ఆపరేషన్ అయిన రాత్రి గురించి చెప్పాలి. ఐసీయూ బయట వసారాలో కుర్చీలు. లోపల్నుంచి తలుపు తెరిచి, పేషెంటు పేరు పిలుస్తారు. ఆ పిలుపు ఏ అర్ధరాత్రైనా రావచ్చు. మందు తేవాలి, సంతకం పెట్టాలి. నేను ఒక్కదాన్నే ఉన్నాను, రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఎదురు కుర్చీలో ఒకావిడ, నాకన్నా పదేళ్ళు పెద్దదేమో. వాళ్ళాయన లోపల ఉన్నారు. నేను కునికిపాట్లు పడి ఉలిక్కిపడి లేవడం చూసినట్టుంది.

"కాసేపు పడుకో చెల్లీ. పిలిస్తే నేను లేపుతాను. మీ అమ్మగారి పేరేంటి?" అంది.

చెప్పాను. "పెన్నుందా?" అంది. నా బ్యాగులో ఎప్పుడూ రెండుంటాయి. ఒకటిచ్చాను. ఆవిడ మా అమ్మ పేరు, బెడ్ నంబరు తన ఎడమ అరచేతిలో రాసుకుంది. "నిద్రమత్తులో పేరు మర్చిపోతానేమోనని," అంది. నేను ఆ కుర్చీల మీదే ఒరిగిపోయాను.

లేచేసరికి రెండు గంటలు గడిచాయి. ఆవిడ నిటారుగా కూర్చుని ఉంది. అరచెయ్యి ఒళ్ళో తెరిచి పెట్టుకుంది. "ఎవరూ పిలవలేదు," అంది. నాకు ఏం చెప్పాలో తెలీక, "మీకు శ్రమ ఇచ్చాను అక్కా," అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మూడు రోజుల్నుంచి ఆయన పేరు పిలుస్తారేమోనని భయపడుతూ కూర్చున్నా. ఈ రెండు గంటలూ మీ అమ్మగారి పేరు కోసం కూర్చున్నా. గుండె కాస్త తేలికైంది."

తర్వాత ఆవిడ పడుకుంది. వాళ్ళాయన పేరు నా అరచేతిలో రాసుకుని నేను కూర్చున్నాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మా అమ్మ గురించిన భయం ఎక్కడికీ పోలేదు గానీ, దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది, దాంతో భయానికి చోటు తగ్గింది. తెల్లారి అమ్మని వార్డుకి మార్చారు. ఆ సామాన్ల హడావిడిలో ఆవిడకి సరిగ్గా చెప్పి కూడా రాలేదు. చెయ్యి కడుక్కోవడానికి మాత్రం మనసొప్పలేదు, మధ్యాహ్నం దాకా ఆ పేరు అలాగే ఉంచుకున్నాను.

ఆ అక్కకీ, ఆకుపచ్చ పెన్ను అబ్బాయికీ నేను ఇక చెప్పలేను. చెప్పగలిగిన మనిషి ఒకరున్నారని మొన్నీమధ్య గుర్తొచ్చింది. మా స్కూల్లో లైబ్రరీ చూసుకునే మేడమ్. నాన్నకి ఆఫీసులో ఆలస్యమైన రోజుల్లో నేను లైబ్రరీలోనే కూర్చునేదాన్ని. మూసే టైము అయినా ఆవిడ "వెళ్ళు" అనేవారు కాదు. ఏదో పని మిగిలిపోయినట్టు ఒక అరలోంచి పుస్తకాలు తీసి, దులిపి, మళ్ళీ అందులోనే పెట్టేవారు. నాన్న వచ్చేసరికి సరిగ్గా ఆవిడ పనీ అయిపోయేది. నా కోసమే ఆగుతున్నారని నాకు ఏనాడూ తెలియనివ్వలేదు. తెలిసేసరికి నాకే ఉద్యోగం వచ్చింది.

ఉత్తరం రాద్దామని కూర్చుంటే చేతులు రాలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఇదేంటని అనుకోరూ? అసలు నేనెవరో గుర్తుంటేగా? కుమార్, ఎప్లీలే 2018లో ఇలాంటి కృతజ్ఞత ఉత్తరాల మీద కూడా రాశారు. రాసేవాళ్ళు, అందుకునేవాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందని లేనిపోనిది ఊహించుకుంటారట. వాళ్ళకి కలిగే సంతోషాన్ని మాత్రం తక్కువగా లెక్కేస్తారట. ఆ ధైర్యంతోనే ఒక పేజీ రాసి, నా ఫోన్ నంబరు కింద వేసి, పాత స్నేహితురాలి ద్వారా అడ్రసు పట్టుకుని పోస్టు చేశాను.

పది రోజుల తర్వాత ఫోన్. సన్నటి గొంతు.

"అమ్మాయ్, ముందే చెప్పేస్తున్నా. నీ మొహం నాకు గుర్తు రావడం లేదు, ఏమీ అనుకోకు. కానీ ఆ అర గుర్తుంది. కిటికీ పక్కన, కింది నుంచి రెండోది. రోజూ అవే పుస్తకాలు తీసి అవే పెట్టేదాన్ని." నవ్వారు. "ఆ పావుగంట నాకు బాగుండేదమ్మా. ఎందుకో తెలీదు. స్కూలంతా నిశ్శబ్దంగా ఉండేది, మూల బల్ల దగ్గర ఒక పిల్ల చదువుకుంటూ ఉండేది. ఇంటికి తేలిగ్గా వెళ్ళేదాన్ని."

నాకు గొంతు పట్టేసింది. ఏదో అన్నాను. ఆవిడకి ఇప్పుడు చూపు బాగా తగ్గిందట, ఉత్తరం మనవడు చదివి వినిపించాడట. ఇంకా ఏదో చెబుతుండగానే ఫోన్ చేతులు మారింది.

"ఆంటీ, నానమ్మ ఇప్పటికి మూడుసార్లు చదివించుకుంది," అన్నాడు ఆ కుర్రాడు. "మీతో మాట్లాడాక ఇంకోసారి చదవమని ఉత్తరం తీసి నా ఒళ్ళో పెట్టింది. నేను మళ్ళీ చేస్తాను, ఉండనా?"

"తొందరేం లేదు," అన్నాను. "నెమ్మదిగా చదువు."